నల్లమల నదీ, నర్సింలు కొనిపించిన బెల్టూ

నర్సింలూ, ముందు ఆ టీ గ్లాసు కింద పెట్టు. నువ్వు పొగిడి పొగిడి పటాన్‌చెరులో నాచేత కొనిపించిన మోకాలి బెల్టు ఉందే, దాని పుణ్యాన కోట్ల ఏళ్ల నాటి నది ఒకటి దారి తప్పింది. నవ్వకండయ్యా! నాకు ఒళ్లు మండిపోతోంది.

మా మనవరాలు హారిక జియాలజీలో రీసెర్చ్ చేస్తోంది కదా. ఒకప్పుడు నేను చదివిందీ అదే. చేసింది మాత్రం ప్లాంటు స్టోర్స్‌లో ఉద్యోగం. ఆ క్యాంటీన్ ఉప్మా... సరే, అది తర్వాత.

పోయిన వారం దాని వెంట నల్లమల వెళ్లాను. అక్కడి రాళ్ల మీద పాత నీళ్ల అలల గీతలు ఇంకా ఉన్నాయి. కొండలు మడతపడ్డప్పుడు ఆ పొరలన్నీ ఏటవాలుగా లేచిపోయాయి. పొర ఎటు వాలిందో, గీత ఎటు చూస్తోందో కాంపస్‌తో కొలవాలి. తర్వాత లెక్కగట్టి, ఆ పొరను కాగితం మీద మళ్లీ చాపలా పరిస్తే, అప్పట్లో నీళ్లు ఎటు పారాయో తెలుస్తుంది.

"రీడింగులు నేను చెబుతాను, నువ్వు రాసుకో" అన్నాను. దగ్గర ఇనుముంటే కాంపస్ తప్పు చెబుతుందని పిల్ల చేత తలపిన్నులు కూడా తీయించాను! మోకాలి మీద ప్యాడ్, ప్యాడ్ మీద కాంపస్. రెండు రోజులు దర్జాగా చదివాను.

నిన్న ఇంట్లో హారిక లాప్‌టాప్ ముందు తల పట్టుకుంది.

"తాతయ్యా, ఒకే పొరలో నీళ్లు నాలుగు దిక్కులకీ పోతున్నాయి. సోమవారం సార్‌కి ఏం చూపించాలి?"

"నువ్వు పొరను సరిగ్గా పరవలేదు!"

"మూడుసార్లు చేశాను."

"అయితే ఆ సాఫ్ట్‌వేరే దండగ! మా రోజుల్లో ట్రేసింగ్ పేపరూ గుండుసూదీతో చేసేవాళ్లం!"

సాఫ్ట్‌వేర్‌ని తిట్టాను. హారిక గైడుని తిట్టాను. మా ఇంటి దారిలోని కిష్టారెడ్డిపేట రోడ్డు గుంతల్ని కూడా వదల్లేదు. ఆ కుదుపులకే కాంపస్ చెడిపోయిందని తేల్చాను. పిల్ల కళ్లలో నీళ్లు. అయినా నేను ఆగానా!

"కాంపస్ బాగానే ఉంది, చూడు" అని టేబుల్ మీద పెట్టింది. సూది బుద్ధిగా ఉత్తరం చూపించింది.

"ఇలా తే!" అని లాక్కుని, అలవాటుగా మోకాలి మీద పెట్టుకున్నాను. సూది గిర్రున తిరిగి నా మోకాలి చిప్ప వైపు చూసింది. కాంపస్‌ని చేత్తో కాస్త పైకెత్తి పట్టుకుని కాలు జరిపాను. సూదీ జరిగింది.

హారిక నెమ్మదిగా అడిగింది. "తాతయ్యా, ఆ బెల్టులో ఏముంది?"

"అయస్కాంతాలు."

"ఎన్ని?"

"పన్నెండు."

ఏంది నర్సింలూ, ఏదో గొణుగుతున్నావు?

"నొప్పి తగ్గిందా లేదా సారూ, గది చెప్పు."

తగ్గింది! నా మంటంతా అదే! రేపు తెల్లారి మళ్లీ ఆ కొండ ఎక్కాలి, బెల్టు లేకుండా. కాంపస్‌కి పది అడుగుల దూరంలో ఉండాలని హారిక ఆర్డర్. జియాలజీ చదివిన నాకు ఈసారి ఇచ్చిన పని ఏంటో తెలుసా? దాని తలపిన్నులు పట్టుకుని నిలబడటం.