కొలవకుండా కోసిన పెట్టె

జాన్ పాల్ రెండు చేతులూ చిత్రిక పట్టే రందా మీద ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే ఊపున తోస్తుంటే, మామిడి పలక మీంచి పొట్టు చుట్టలు చుట్టుకుని కాళ్ళ దగ్గర పడుతోంది. పొద్దున్న ఏడింకా కాలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో అతను చేస్తున్నది శవాన్ని పెట్టే పెట్టె. సాయంత్రం నాలుగింటికి అది సమాధుల దొడ్డికి బయల్దేరాలి. పోయినవాడు సొలొమోను. బోగీలు బాగుచేసే రైల్వే క్యారేజీ షాపులో ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే బల్లకి అతను ఆ పక్కా, జాన్ పాల్ ఈ పక్కా నిలబడి పనిచేశారు. ఒకే ఏడు రిటైరయ్యారు.

పెట్టె చేసేవాడే ఆ ఇంటికి వెళ్ళి కొలత తీసుకోవాలి. జాన్ పాల్ ఈ పని పట్టిన నాటి నుంచీ అదే పద్ధతి. ఒక పురికొస పట్టుకెళ్ళి తల దగ్గర ఒక ముడి, భుజాల వెడల్పుకి ఒక ముడి, మడమ దగ్గర ఒక ముడి వేస్తాడు. పనైపోయాక ఆ పురికొసని పెట్టెలోనే వేసి పంపుతాడు. ఎంత తెలిసినవాళ్ళయినా ఫోనులో అంకెలు చెబితే ఒప్పుకోడు. ఇవాళ మొదటిసారి ఆ పద్ధతి తప్పాడు.

తెల్లవారుతూనే కబురు తెచ్చిన దేముడు, అతనూ షాపు మనిషే, గుమ్మంలోనే ఆగి అడిగాడు.

"కొలతకి రావేటి?"

"సొలొమోనుకి కొలతేటి? అయిదడుగుల పదకొండంగులాలు. షాపులో సిన్న గుమ్మానికి రోజూ తల కొట్టుకునీవోడు. నాకు తెల్దా?"

"అయినా ఒకపాలి వొచ్చి సూసుకో..."

"దుప్పటి కప్పినారా?"

"నిండా కప్పినారు. మొకం ఒక్కటే కనిపిస్తంది."

"మరింకేటి. నువ్వెళ్ళు. మూడున్నరకి పెట్టి రెడీగుంటాదని సెప్పు."

కొలత తెలియడం నిజమే. కానీ వెళ్ళకపోవడానికి కారణం అది కాదు. సొలొమోను భార్య సూసన్న ఎదుట నిలబడటానికి అతనికి మొహం చెల్లలేదు. పదకొండు నెలలుగా స్నేహితుడితో మాటల్లేవు. అదీ ఒక సినిమా మీద.

వాళ్ళ కొట్లాటలన్నీ సినిమాల మీదే. శనివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక సొలొమోను ఖరిదా పేటలో తన ఇంటి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. షెడ్డులో మూలనున్న టీవీకి తన ఫోను తగిలించి, కొత్తగా ఏది వస్తే అది పెట్టేవాడు. తెలుగుదో, హిందీదో, తెలుగు మాటలు అతికించిన ఇంగ్లీషుదో. ప్రేమకథలు ఇద్దరికీ పడవు. తుపాకులు, హంతకులు, దెయ్యాలు, చుక్కల్లోకి పోయే ఓడలు ఉండాలి. సినిమా అయ్యాక గోడకి బిగించిన టేకు పలక మీద వడ్రంగి పెన్సిలుతో చెరో గుర్తు, రెండేసి గీతలు, పెట్టేవారు. గీతలు కలిస్తే జాయింటు కూర్చున్నట్టు, సినిమా బాగున్నట్టు. మధ్యలో సందు ఉంటే కూర్చోనట్టు. ఆ పలక ఒకప్పటి కొయ్య బోగీది. దాని మీద నాలుగేళ్ళ శనివారాలు ఉన్నాయి.

జాన్ పాల్ సందులే ఎక్కువ పెట్టేవాడు. ఒక థ్రిల్లరులో హంతకుడు బ్రేకు పైపు కోసేస్తాడు, రైలు ఆగకుండా పరుగెడుతుంది. "పైపు కోస్తే గాలి పోద్ది. గాలి పోతే బ్రేకులు పట్టీస్తాయి. బండి అక్కడికక్కడే ఆగిపోద్ది. ఈ ముక్క మన కేంటీన్ దాదాకి కూడా తెలుసు" అన్నాడు. ఇంకోదాంట్లో హీరో పరుగెత్తే బండికి వేలాడుతూ బోగీల మధ్య కప్లింగు ఒంటి చేత్తో ఊడదీశాడు. "ఇంజిను లాగుతున్నప్పుడు అది బిగిసి ఉంటాది కదరా. ఈడు గోంగూర కాడ తుంచినట్టు తుంచీసినాడు!"

దెయ్యం సినిమా వస్తే మరీను. పోయినేడు ఎండాకాలంలో ఒకటి చూశారు. చనిపోయిన పెళ్ళికూతుర్ని నలుగురు మోసుకెళుతుంటే ఆమె లోపలి నుంచి మూత తన్నుకుని లేస్తుంది. జాన్ పాల్ దగ్గరికెళ్ళి టీవీ మీద వేలు పెట్టాడు. "ఆ నలుగురి మెడలు సూడు. ఒక్కడికైనా నరం లెగిసిందా? ఖాళీ పెట్టి మోస్తన్నారు. లోపల మనిసే నేకపోతే దెయ్యం ఎక్కడి నుంచి వొస్తాదిరా?"

సొలొమోను పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరే జాన్ పాలూ, సినిమాలో కూడా జాయింట్లు ఎతుకుతావేట్రా? బయమేసిందా నేదా, అది సెప్పు."

"ఏసింది."

"మరి గీతలు కలుపు."

"బయమేస్తే కలపను. పనితనముంటే కలుపుతాను."

పోయినేడు డిసెంబరు మొదటి శనివారం చూసింది రాబోయే కాలపు కథ. యుద్ధంలో కాలు పోయిన సిపాయికి ఇనప కాలు తొడుగుతారు. పది నిమిషాలకి అతను మేడ మీంచి మేడ మీదకి దూకుతాడు. ఆ వేళ సొలొమోను నవ్వలేదు. కుడి పాదానికి గుడ్డకట్టు ఉంది, షుగరు పుండు. కాలు తొడిగే చోటుని వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.

"ఇది బాగుందిరా" అన్నాడు.

"ఏటి బాగుంది? తొడకీ ఇనుముకీ అతుకెక్కడుంది? పట్టీ నేదు, మెత్త నేదు. బరువంతా ఆ మోడు మీదే కదా పడాల? రెండడుగులేస్తే సీము కారతాది. కాలు పోయినోడు దూకడురా. కుర్సీలో కూసుంటాడు. కూసునే పోతాడు."

జాన్ పాల్ గోడ దగ్గరికెళ్ళి తన సందు తను పెట్టి పెన్సిలు చాచాడు. సొలొమోను అందుకోలేదు. చెప్పులేసుకుని, సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ వారమే సూసన్న తమ్ముడు వచ్చి వైద్యానికని ఇద్దర్నీ విశాఖపట్నం తీసుకుపోయాడు. వేలు తీసేశారట అని ఎవరో అన్నారు. జాన్ పాల్ ఫోను చెయ్యలేదు. అలిగి పోయినవాడు తనే చెయ్యాలి. పది రోజుల క్రితం తిరిగి వచ్చారని తెలిసింది. ఆ శనివారం షెడ్డు ఊడ్చి, రెండు కుర్చీలేసి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఇంకో శనివారం చూద్దామనుకున్నాడు. అది రాకముందే దేముడు వచ్చాడు.

పదకొండున్నరకి పెట్టె అడుగూ పక్కలూ నిలబడ్డాయి. ఆరడుగుల పైన రెండంగుళాలు. భుజాల దగ్గర వెడల్పు, కాళ్ళ వైపు సన్నం. అతుకుల మీద వేలు పోనిస్తూ వంగి ఉన్నాడు జాన్ పాల్. గుమ్మంలో నీడ పడింది. సూసన్న. నలిగిన తెల్లచీర, నెత్తి మీద కొంగు.

"అన్నియ్యా, కొలతకి వొస్తావని పొద్దున్నుంచీ గుమ్మం కాడే సూస్తన్నాను."

"తెలిసిన కొలతే కదమ్మా. పని ఆగిపోద్దని..."

ఆమె పెట్టె పక్కకి వచ్చి నిలబడింది. తల వైపు నుంచి అంచు మీద చెయ్యి జరుపుకుంటూ నడిచి, సగం దాటి కాస్త దూరంలో ఆపింది.

"ఇక్కడిదాకే ఉన్నాడు" అంది.

జాన్ పాల్‌కి అర్థం కాలేదు.

"రెండు కాళ్ళూ తీసీసినారు. డిసెంబర్లో కుడిది. వానల్లో ఎడమది. తొడల కాడికి."

"నిండా కప్పినారని దేముడు సెప్పినాడే..."

"దుప్పటి కింద తలగడాలు పెట్టినాను. నేకపోతే వొచ్చినోళ్ళు మొకం సూడకుండా కాళ్ళ కాడే సూస్తారని."

కొయ్యసుత్తి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అతను చేతిలోనే పట్టుకున్నాడు. "నాకెందుకు సెప్పలేదమ్మా?"

"ఆయనే వొద్దన్నాడు. లోకమంతకీ సెప్పినా జాన్ పాలుకి సెప్పకే అన్నాడు." ఆమె గోడనున్న పలక వైపు చూసింది. "వేసంగిలో కట్టుడు కాలు పెట్టినారు. రెండు రోజులు నడిసినాడు. పట్టీ కోసీసింది. పుండు పడింది. అప్పుడు నవ్వినాడన్నియ్యా. 'ఆ జాన్ పాల్ గాడు సెప్పిందే నిజిం, పట్టీ కాడే ఉంది తిరకాసంతా. ఆడికి తెలిస్తే గీత సూపించి ఎగురుతాడు, సెప్పకు' అన్నాడు. ఆ సినిమా మాత్రం ఫోన్లో పెట్టమనీవోడు. ఆ సిపాయి దూకీ కాడ ఆపమనీవోడు."

బయట ఎవరిదో సైకిలు గంట వినబడింది. జాన్ పాల్ రంపం కోసం చూశాడు.

"కోసి పొట్టి సేస్తాను. రెండు గంటల పని."

"వొద్దు. సిన్నపిల్లల పెట్టిలాగుంటాది. నిండు మనిసిలాగే పంపించు."

"పొడుగు పెట్టిలో మనిసి జారిపోతాడమ్మా. మెట్లు దించినప్పుడు..."

"జారకుండా సెయ్యి మరి. పనోడివి కదా" అంది సూసన్న.

జాన్ పాల్ మేకు నుంచి పురికొస తీసి ఆమె వెంట నడిచాడు.

ఖరిదాలో ఆ ఇంటికి వీధిలోంచి అయిదు మెట్లెక్కాలి. లోపల మంచం చుట్టూ ఉన్నవాళ్ళని సూసన్న బయటికి పంపి తలుపు దగ్గరగా వేసింది. జాన్ పాల్ తల దగ్గర ముడి వేశాడు. భుజాల దగ్గర ఇంకోటి. భుజాలు అలాగే ఉన్నాయి, మొహం సగమైంది. దుప్పటి తీసి, తలగడాలు ఒక్కొక్కటీ పక్కన పెట్టాడు. మూడో ముడి వెయ్యడానికి వంగినప్పుడు కుడి తొడ మీద పాత గాటు కనబడింది. తోలు కోసిన గాటు. ఎక్కడ ఒత్తుకుందో, ఎటు లాగిందో అతని కంటికి వెంటనే తెలిసిపోయింది. పట్టీ రెండు వేళ్ళు పైకి కట్టి ఉంటే ఒత్తుకునేది కాదు. తోలు అంచు మడిచి, లోపల మెత్తటి ఉన్ని నమదా ముక్క పెట్టి కుట్టాల్సింది. అది ఒక్క పూట పని. సామానంతా షెడ్డులో ఉంది.

"ఈ పట్టీ ఎవుడు కుట్టినాడు?" అన్నాడు.

"ఎవుడో. మాకేటి తెలుసు."

మూడో ముడి వేసి, దుప్పటి కప్పి, తలగడాలు మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టి వచ్చేశాడు.

మూడో ముడి దగ్గర పెట్టెకి అడ్డం బిగించాలంటే షెడ్డులో అంత వెడల్పు పలక మిగల్లేదు. ఇందా బజారుకి వెళ్ళి తెచ్చేంత టైము లేదు. ఉన్నది గోడనున్న టేకు పలక ఒక్కటే. స్క్రూలు విప్పి దించాడు. నాలుగేళ్ళ గీతలు. కలిసినవి కొన్ని, సందులున్నవి చాలా. చివర తన సందు ఒక్కటే ఉంది. దాని పక్కన సొలొమోను చోటు ఖాళీ. చెవి మీది పెన్సిలు తీశాడు. అక్కడ ఏం పెట్టాలో తెలుసు గానీ, అది తను పెట్టాల్సిన గుర్తు కాదు. పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకుని రంపం అందుకున్నాడు.

మూడో ముడి దగ్గర పెట్టెకి రెండు పక్కలా ఉలితో గాడి తీశాడు. అడ్డపలకని ఆ గాడిలోకి కొట్టి దింపాడు. ఒక్క మేకు వాడలేదు. చెయ్యి పెట్టి ఊపితే పెట్టె మొత్తం కదిలింది, పలక కదల్లేదు. గీతలున్న వైపు తల వైపుకి ఉంది. దాని మీద నమదా పరిచి, అంచులు మడిచి తోలు దారంతో కుట్టాడు. రెండు వేళ్ళు పైదాకా కుట్టాడు. మిగిలిన టేకు ముక్కని కాళ్ళ వైపు అడుగున బిగించాడు. అటు తేలికైతే మోసేవాళ్ళకి తెలిసిపోతుంది.

మూడున్నరకి దేముడు మరో ముగ్గురితో ఠేలా బండి తెచ్చాడు. పెట్టెలోకి తొంగి చూసి, "మధ్యన ఈ అడ్డమేటి?" అన్నాడు.

"ఉండాల" అన్నాడు జాన్ పాల్.

ఖరిదా ఇంట్లో తలుపు మూసి, జాన్ పాలూ సూసన్న తమ్ముడూ కలిసి సొలొమోనుని పెట్టెలోకి దించారు. శరీరం నమదాకి ఆనుకుని సరిగ్గా కూర్చుంది. సూసన్న తెల్లదుప్పటి ఆ చివరిదాకా పరిచింది. జాన్ పాల్ మూడు ముళ్ళ పురికొసని చుట్టచుట్టి భుజం పక్కన పెట్టి, జేబులోంచి మూత బిగించే ఆరు ఇత్తడి స్క్రూలు తీసి ఆమె అరచేతిలో పోశాడు. పాస్టరు గారు ప్రార్థన చేశాక ఆమె ఒక్కొక్కటీ తమ్ముడికి అందించింది.

నలుగురు ఎత్తారు. దేముడి మెడ మీద నరం లేచింది.

ఆ నలుగురిలో కాళ్ళ వైపు ఒక మూల జాన్ పాల్ పట్టుకున్నాడు. మెట్ల మీద పెట్టె కిందకి వాలింది. ఒకటి, రెండు. అతను చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మూడు. నాలుగు. లోపల ఏమీ జారలేదు, చప్పుడు లేదు. అయిదో మెట్టు దిగాక సూసన్న తమ్ముడు పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఇలాగియ్యి అన్నియ్యా. ఇంక మేం సూసుకుంటాం."

జాన్ పాల్ తన మూలని అతని భుజం మీదకి మార్చి, బరువు పూర్తిగా అటు ఎక్కిందని తెలిశాక చెయ్యి తీశాడు.