మావ కంటి కట్టు

కోపం ముందు పుట్టి, తర్వాత నేను పుట్టానని మా అమ్మ అనేది. ఆ కోపం నేను ఎక్కువగా చూపించింది మావ మీదే. మావ అంటే అమ్మకి అన్న, నాకు మావగారు. డెబ్బై ఒకటి యుద్ధంలో పాకిస్తాన్ వాళ్లకి దొరికిపోయి, ఏడాదిపాటు వాళ్ల కేంపుల్లో బందీగా ఉండి తిరిగొచ్చిన మనిషి. తుపాకీ మడమతో కొట్టిన దెబ్బకి ఎడమ కన్ను అక్కడే పోయింది. ఇంతకు మించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. అడిగితే "ఏటుంటాది, జైలు జైలే" అని బీడీ వెలిగించేవాడు.

తిత్లీ తుపానుకి ముందు ఏడాది, ఉన్న ఆ ఒక్క కుడి కంట్లోనూ శుక్లం ముదిరింది. ఒకరోజు మజ్జిగ గ్లాసనుకుని నూనె గిన్నె ఎత్తి తాగబోయాడు. శ్రీకాకుళంలో కంటి డాక్టరమ్మ చూసి, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేనంది. పదిహేను నిమిషాల పని, నొప్పి కూడా తెలియదంది. మావ బుద్ధిగా తలూపాడు. తీరా ఆ రోజు వచ్చేసరికి, ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పగానే బల్ల మీంచి లేచి, ఆసుపత్రి బట్టలతోనే బయటికి వచ్చేశాడు. రెండోసారి అసలు మెట్లే ఎక్కలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయనకి చెన్నైలో మేస్త్రీ పని. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పొద్దున్నే నేను అంగన్‌వాడీకి వెళ్తే, చూపులేని మనిషిని పొయ్యి దగ్గర ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? ఆ దిగులుతో నాకు అన్నం సయించేది కాదు. పిల్లలకి గుడ్లు పంచుతున్నా ప్రాణమంతా ఇంటి దగ్గరే. "యుద్ధం సేసిన మనిషివి, సూదికి బయమేటి నీకు? నీకంటే మా అంగన్‌వాడీ పిల్లలు నయం" అన్నాను. వీధిలో వాళ్లకి వినపడేలాగే అన్నాను. మావ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

మూడోసారి రోజు ఖాయం చేసుకున్నాక నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఆ కంటికి మర్నాటి దాకా కట్టు ఉంటుంది. రెండో కన్ను ఎలాగూ లేదు. అంటే ఒక రోజంతా చీకటే. అది ఇంట్లోనే ముందుగా అలవాటు చేసేస్తే సరి అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక వసారాలో కూర్చోబెట్టి, "కదలకు మావా" అని వెనకనుంచి తువ్వాలుతో కళ్లు కట్టేశాను.

మావ కదల్లేదు. రెండు చేతులూ తనంతట తానే వెనక్కి పెట్టి, మణికట్లు ఒకదానికొకటి ఆనించి, తల వంచుకుని కూర్చున్నాడు. వాటిని కూడా కట్టడం కోసం ఆగి ఉన్నాడు.

అదేమిటో నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ముడి విప్పి తువ్వాలు లాగి పారేశాను. ఎంత పాపిష్టి పని చేశానురా దేవుడా అనుకుంటూ మావ మోకాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. "ఏడవకే" అన్నాడు. అప్పుడే మొదటిసారి చెప్పాడు, అదీ నాలుగు ముక్కలు.

"గంతలు కట్టీసి లారీ ఎక్కించీవోరు. ఎక్కడికో సెప్పరు. దెబ్బలు అలవాటైపోతాయే. ఇది అలవాటవదు. మూడుసార్లు ఇంటికి పంపుతన్నామని సెప్పేరు. నవ్వుకుంటా ఎక్కేం. మూడుసార్లూ ఇంకో కేంపే."

"నాను పక్కనుండి అన్నీ సెప్తాను మావా. ఎక్కడున్నామో, ఎవులొచ్చేరో."

"నిజమే సెప్పాల. నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తే నాకు తెలిసిపోతాది."

మావ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. డాక్టరమ్మకీ అంతా చెప్పాను. మంచి మనిషి, లోపల ఏం చేయబోతోందో ప్రతిదీ ముందు చెప్పి మరీ చేసిందట. తలుపు బయట కూర్చున్న ఆ అరగంటలో, లోపల ఏ చిన్న చప్పుడైనా నేను లేచి నిలబడ్డాను. ఆపరేషన్ అయింది. ఆ పూట వార్డులో ఉండమంటే మావ ససేమిరా అన్నాడు. కట్టు కదిలిందంటే కన్ను దక్కదని నర్సు నాకు నాలుగుసార్లు చెప్పి పంపింది.

ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. మా ఊరు నరసన్నపేట దాటాక పాతపట్నం రోడ్డులో. దారంతా నేను వాగుతూనే ఉన్నాను. ఇది ఏడురోడ్ల కూడలి, ఇదిగో హైవే ఎక్కాం, ఇది సింగుపురం. అవి హైవే వెడల్పు చేస్తున్న రోజులు. మట్టికుప్పల మధ్య లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డ్రైవరు విసుగెత్తి, ముందుకెళ్లి మళ్లీ హైవేలో కలుస్తుందని ఎవరో చెప్పగా, పక్క మట్టిదారిలోకి దించాడు. ఎంత పోయినా కలవలేదు. అన్నీ చేలే, మనిషన్నవాడు లేడు. డ్రైవరు అద్దంలోంచి నావైపు బిక్కమొహం వేసి చూశాడు.

"ఎక్కడున్నాం?" అన్నాడు మావ.

నా నోటికి అబద్ధమే ముందొచ్చింది. "మడపాం వచ్చీసేం మావా."

"మడపాం అయితే వంశధార బ్రిడ్జి ఏదే? లారీల సప్పుడు లేదేటి?"

"ఇప్పుడే వస్తాది."

మావ ముఖం పాలిపోయింది. "ఎక్కడికి తీసుకెల్తన్నారు?" అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు. ఒక కాలు బయట పెట్టేశాడు. డ్రైవరు బ్రేకు వేశాడు. ఈలోగా మావ చెయ్యి కట్టు మీదకి పోయి, వేళ్లు ప్లాస్టరు అంచు కిందకి దూరాయి. నేను రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకునేకొద్దీ పెనుగులాడాడు. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో. తనని పట్టుకున్నది ఎవరనుకుంటున్నాడో అప్పుడు తట్టింది నాకు. వదిలేశాను.

"తెల్దు మావా. అబద్దం ఆడీసేను. దారి తప్పేం. ఎక్కడున్నామో నాకూ తెల్దు, ఈ డ్రైవరుకీ తెల్దు."

వేళ్లు ఆగాయి.

"నీకూ తెల్దా?"

"నీ మీదొట్టు. తెల్దు."

చెయ్యి దించాడు. కాలు లోపలికి పెట్టుకున్నాడు. "మరా ముక్క సెప్పవేటే. ఇద్దరికీ తెల్దంటే బయం లేదు" అన్నాడు. బీడీ అడిగాడు. ఇవ్వలేదు.

కన్ను దక్కింది. మర్నాడు కట్టు విప్పగానే నన్ను ఎగాదిగా చూసి, "ఒసే, జుత్తు ఎప్పుడు నెరిసిపోనాదే నీకు?" అన్నాడు.

రెండేళ్లకి మావ ఊపిరితిత్తులు పాడయ్యాయి. విశాఖలో డాక్టర్లు మా ఆయన్నీ నన్నూ పక్కకి పిలిచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మా ఆయన కళ్లు తుడుచుకుని, నాన్నకి నయమైపోయిందని చెప్పి తీసుకుపోదాం, నువ్వు నోరు మూసుకో అన్నాడు. వచ్చిన చుట్టాలందరిదీ అదే మాట. నేను వెళ్లి మావ మంచం మీద కూర్చున్నాను.

"ఎక్కడికే?" అన్నాడు.

"ఇంటికి మావా. నయమై కాదు. ఇంక మందు లేదన్నారు."

మావ నా ముఖంలోకి చూశాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ కొడుకుతో, "ఒరే, సొక్కా అందుకో, ఎల్దాం" అన్నాడు.