షావుకారు రేడియోలో జోలపాట

పెడనలో మేము బట్టల మీద పూలు అద్దే షెడ్డులోకి మా షావుకారు పెద్ద వాల్వుల రేడియో తెచ్చి పెట్టాడు. సినిమా పాటల స్టేషన్ కొత్తగా వచ్చిన రోజులు కదా, మా మీద అభిమానం కొద్దీ కొన్నాడనుకుని మురిసిపోయాం. పాట హుషారుగా ఉంటే చెక్క అచ్చు మీద మా చేతి దెబ్బ కూడా హుషారుగా పడుతుందని ఆయన మాకన్నా ముందే కనిపెట్టాడు. వార్తలు మొదలైతే కట్టేస్తాడు. విషాదం పాటొస్తే అసలు ఊరుకోడు.

ఈ రోజు మధ్యాహ్నం ఒక జోలపాట వచ్చింది. షెడ్డంతా అచ్చుల చప్పుడు దానంతటదే నెమ్మదించింది. పల్లవి పూర్తవకుండానే షావుకారు గబగబా వచ్చి రేడియో కట్టేశాడు.

నా పక్క బల్ల దగ్గర పనిచేసే వెంకన్న చేతిలో అచ్చు అలాగే ఆగిపోయింది. అతని భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు.

"ఈ ఒక్కటీ ఉండనివ్వండి బాబూ. మా ఇంటిది పాడేదండీ," అన్నాడు.

"జోలపాటలు ఇంటికెళ్ళి పాడుకోవయ్యా. మిమ్మల్ని నిద్రపుచ్చడానికి కొన్నానా రేడియో?" అన్నాడు షావుకారు.

వెంకన్న మళ్ళీ అచ్చు రంగులో ముంచాడు. మేమూ మా అచ్చులు అందుకున్నాం.

సాయంత్రం ఇంటికొచ్చి, కసి కొద్దీ ఆ పాటే అందుకుని మా చంటిదాన్ని జోకొట్టాను. అది ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది.

"పసిపిల్లని అచ్చు కొట్టినట్టు కొడతారేంటండీ!" అంటూ మా ఆవిడ దాన్ని లాక్కుంది.

అప్పటినుంచీ నా అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను. మీరే చెప్పండి, ఇది ఇంకా నా చెయ్యేనంటారా?