చీఫ్ గారి స్టోరీ

పత్రికాఫీసులో ఆయన్ని అందరూ చీఫ్ అంటారు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, స్టోరీ. అగ్నిప్రమాదమూ స్టోరీయే, మంత్రి రాజీనామా పెద్ద స్టోరీ. ఆఖరి నిమిషంలో ప్రకటన వచ్చి చోటు మింగేస్తే, "స్టోరీ చచ్చింది" అని కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, అయినవాళ్లు పోయినట్టు నిట్టూరుస్తారు. విలేకరి చేతులూపుకుంటూ వస్తే, "స్టోరీ లేకుండా మొహం ఎలా చూపించావురా?" అని కసిరి, తన టీలో సగం అతనికే పోస్తారు. ఇంటికి ఆలస్యమెందుకయిందని భార్య అడిగినా "స్టోరీ ఉంది" అనే జవాబు. "మీరు చెప్పేవన్నీ స్టోరీలేగా" అని ఆవిడ నవ్వుతుంది.

మొన్న ఒక తాపీమేస్త్రీ భార్య వచ్చింది. కడుతున్న గోడ కూలి భర్త నడుము విరిగితే, తాగి పడ్డాడని కాంట్రాక్టరు తేల్చేశాడట. పోలీసులూ అదే మాటన్నారట. చీఫ్ రాసుకుంటూ, ఉత్సాహం పట్టలేక "చాలా మంచి స్టోరీ అమ్మా!" అన్నారు. ఆవిడ చటుక్కున లేచింది. "మీరూ నమ్మలేదన్నమాట. నాకు కథలల్లడం రాదయ్యా" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుని మెట్లు దిగిపోయింది. చీఫ్ బల్ల కింద విడిచిన చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి, వీధి గుమ్మంలో ఆవిడకి అడ్డంగా నిలబడ్డారు. "తప్పయిపోయిందమ్మా. మేం వార్తని అలా అంటాం. నువ్వు చెప్పిన ప్రతి మాటా నమ్మాను." రొప్పుతున్న ఆయన్నీ, ఆ వట్టి కాళ్లనీ ఆవిడ కాసేపు చూసింది. "అయితే పైకి పదండి" అంది. "ఆ గోడ సంగతి ఇంకా సగమే చెప్పాను."