పళ్లసెట్ల మేస్త్రి ఎర్రకారు

పళ్లసెట్లు చేసే ఆ మనిషిని వీధిలో అందరూ మేస్త్రి అనేవారు. దంతవైద్యుడి క్లినిక్ వెనకగదిలో, మైనపు వాసనకీ తెల్లటి అచ్చుపొడికీ మధ్య కూర్చుని, ఎవరి నోటికి తగ్గ పళ్లు వాళ్లకి తయారుచెయ్యడం ఆయన వృత్తి. ఎదురుపడ్డవాళ్లు నవ్వితే ముఖం చూడడు, పై వరస చూస్తాడు. నడివయసు దాకా ఆయన మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. ఆ తర్వాత ఎర్రకారు కొన్నాడు.

అది పందెపు జాతి కారు. రెండే సీట్లు, నేలకి జానెడెత్తు, స్విచ్చి నొక్కితే కళ్లు తెరిచినట్టు బానెట్ మీంచి పైకి లేచే రెండు దీపాలు. కొత్తలో దాని ధర వింటే మేస్త్రిలాంటివాడు కూర్చోడానికి కుర్చీ వెతుక్కోవాలి. చేతులు మారీ మారీ మామూలు కారు ధరకి దిగివచ్చింది. ఆయన చేసిన పొరపాటల్లా ఒక్కటే. కారు పాతబడి చవకైంది కాబట్టి దాని సామాను కూడా చవకై ఉంటుందనుకున్నాడు. కారు ముసలిదైన సంగతి బ్రేకులకీ క్లచ్చుకీ ఎవరూ చెప్పలేదు. వాటి ధరలు ఇంకా కొత్త పెళ్లికొడుకు దర్జాలోనే ఉన్నాయి.

మెకానిక్ పరాయివాడు కాదు, స్వయానా భార్య తమ్ముడు. బానెట్ ఎత్తి, లోపలంతా తడిమి చూసి, చేతులు గుడ్డకి తుడుచుకుని, రోగి బంధువుల్ని పక్కకి పిలిచే పెద్ద డాక్టరులా బావ భుజం మీద చెయ్యి వేసేవాడు.

"బావా, గుండె దిటవు చేసుకో."

"ఏమైందిరా?"

"నూనె కారుతోంది. చిన్న వాషరు మార్చాలి."

"ఓస్, అంతేనా!"

"అంతే. కాకపోతే ఆ వాషరు దాకా చెయ్యి పోవాలంటే ఇంజను కిందికి దించాలి."

ఇంజను ఎలాగూ దించాం గదా అని ఇంకో నాలుగు మార్చేవాడు. మేస్త్రి రోజూ క్లినిక్‌కి బస్సులో వెళ్లేవాడు. ఆదివారాలు మాత్రం షెడ్డుకెళ్లి, ఆస్పత్రిలో ఉన్న చుట్టాన్ని పలకరించినట్టు కారులో కాసేపు కూర్చుని వచ్చేవాడు.

భార్య పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగి. ఈ వ్యవహారాన్ని ఆవిడ చాలాకాలం సహించింది. పోతున్న డబ్బు పోతున్నది తన పుట్టింటికే గదా అన్న ధర్మసూక్ష్మం ఆవిణ్ణి నోరెత్తనివ్వలేదు. ఈలోగా తమ్ముడి ఇంటికి మేడ లేచింది. మేడకి పాలరాతి మెట్లు వచ్చాయి. ఒకరోజు చూడ్డానికి వెళ్తే తమ్ముడి భార్య పైనుంచి ఆప్యాయంగా అంది:

"వదినా, చూసుకుని ఎక్కండి. మీ ఇంట్లో గచ్చు మెట్లకి అలవాటుపడ్డవాళ్లు, జారతారు."

వదినగారు జారలేదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా, భోంచేస్తున్న భర్త ముందు నిలబడింది.

"ఏవండీ, మీ కారుకి ఆ రవాణా ఆఫీసు తనిఖీ ఎప్పుడు?"

"సోమవారం. పాసైతేనే రోడ్డెక్కాలి."

"పాసైతే మీ ఇష్టం, ఉంచుకోండి. తప్పిందో, తాళం మా తమ్ముడి చేతిలో పెట్టేస్తాను. ఊరికే. వాణ్ణే ఏలుకోమనండి."

ఆ గొంతు కౌంటరు మూసేసిన గొంతు. మేస్త్రి భోజనం సగంలో లేచాడు. ఆయన జీవితంలో ఎవరి నోటికీ సంబంధించని వస్తువు ఆ కారొక్కటే.

మర్నాడు బరువుగా షెడ్డుకెళ్లి సంగతి చెప్పాడు. బావమరిది ఎగిరి గంతేస్తాడనుకున్నాడు. బావమరిది ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎవరికి? నాకా?"

"నీకే. పైసా ఇవ్వక్కర్లేదు."

"అక్కకి నేనేం అన్యాయం చేశాను బావా! పిల్లలుగలవాణ్ణి!"

"బంగారంలాంటి బండి అని నువ్వేగా అంటావు?"

"నీకు చెప్పేటప్పుడు బంగారం. దాని గేరుపెట్టెలో ఏముందో నీకు తెలీదు, అందుకే నీకు నిద్ర పడుతోంది. నాకు తెలుసు!"

ఆ వారం షెడ్డులో అపూర్వమైన దృశ్యం ఒకటి కనిపించింది. ఎర్రకారు నిజంగా బాగుపడింది. బావమరిది మిగతా బళ్లన్నీ బయటికి తోయించి, కారు కింద దూరి, ఇంతకాలం మార్చానన్నవన్నీ మార్చాడు. బిల్లు మాట ఎత్తితే ఒట్టు. చివరికి ఒక్కటే మిగిలింది. ఎడమ దీపాన్ని పైకి లేపే చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగిపోయింది. కంపెనీది తెప్పిస్తే ఓడ మీద రావాలి.

"బావా, ఊళ్లో అందరికీ పళ్లు కడతావు. ఈ చక్రానికి కట్టలేవూ? నీ కాళ్లు పట్టుకుంటాను."

మేస్త్రి కుడిదీపం చక్రం విప్పించి తీసుకెళ్లాడు. అచ్చు తీసి, పళ్లసెట్లకి వాడే గులాబిరంగు ముద్ద అందులో నింపి, మరిగే నీళ్లలో ఉడకబెట్టి, చిగుళ్లలా మెరిసేదాకా నునుపు చేశాడు. షెడ్డులో అమర్చి, కాటు సరిచూసే నీలికాగితం మధ్యలో పెట్టి, తగిలినచోటల్లా అరగదీశాడు. దీపం హాయిగా లేచింది, హాయిగా పడుకుంది. బావామరుదులు కావలించుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పళ్లసెట్టు పొడిగా ఉంటే వంకరపోతుంది. వాడనప్పుడు నీళ్లలో ఉంచాలి. జీవితమంతా ప్రతి ముసలాయనకీ ఆయన చెప్పిన మాట అది. తను చేసిన చక్రాన్ని విప్పి ఇంటికి పట్టుకెళ్లి, సోమవారం దాకా నీళ్లగ్లాసులో వేసి ఉంచాడు.

సోమవారం పొద్దున్న తనిఖీ ఆవరణలో దాన్ని బిగించారు. అధికారి బ్రేకులు చూశాడు, పొగ చూశాడు, తల పంకించాడు. "దీపాలు" అన్నాడు. రెండూ లేచాయి. "దించండి." కుడిది దిగింది. ఎడమది దిగలేదు.

బావమరిది తల లోపల పెట్టి చూశాడు. చక్రం ఉబ్బి బిగుసుకుపోయింది.

"బావా, దీన్నేం చేశావ్?"

"ఏం చెయ్యలేదే. నీళ్లలో వేశాను."

"ఎందుకు? దానికి దాహమా!"

అధికారి కలం తీశాడు. బావమరిది రెండు చేతులూ జోడించి ఆయనకీ కాగితానికీ మధ్య నిలబడ్డాడు. "సార్, చూసి రాయండి. కుటుంబం వీధిన పడిపోతుంది."

"ఈ కారు నీదా?"

"కాదు సార్! కాకూడదనే సార్ ఈ ఏడుపంతా!"

అధికారి నిబంధనల పుస్తకం తెరిచి, వేలితో వెతికి, రెండుసార్లు చదివాడు.

"దీపములు రెండునూ పూర్తిగా లేవవలెను అని ఉంది. లేచాయి." పేజీ తిప్పి చూశాడు. "పడుకొనవలెనని ఎక్కడా లేదు." ముద్ర కొట్టాడు.

ఒక దీపం పైకి, ఒకటి కిందికి పెట్టుకుని ఎర్రకారు ఊరంతా కన్నుకొడుతూ ఇల్లు చేరింది. భార్య గుమ్మంలో ఉంది. ముద్ర చూసింది. దీపం చూసింది. గడపమీద కూలబడి గటగటా మంచినీళ్లు తాగుతున్న తమ్ముణ్ణి చూసింది.

"ఏరా, ఈ వారం పనికి ఎంతయింది?"

"అబ్బే, ఏం లేదక్కా. మనలో మనకి ఏమిటి!"

"అలాగా." కాగితం మడిచి మొగుడికిచ్చింది. "ఏడాదికోసారి ఉంటుందిగా ఈ తనిఖీ. నా షరతు ప్రతి ఏడూ అదే."

మేస్త్రి ఆవిణ్ణి కొత్తగా చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ పలువరస అంత చక్కగా ఉంటుందని ఆయన గమనించనే లేదు.

బావమరిది గ్లాసు కింద పెట్టి, కారు దగ్గరికి నడిచి, బానెట్‌కి చెవి ఆనించాడు.

"బావా, ఒకసారి స్టార్ట్ చెయ్యి. ఏదో కిర్రుమంటోంది."

"నాకేం వినపడలేదే."

"నీకు వినపడదు. చెయ్యి, చెయ్యి. ముదరకముందే చూసేద్దాం."