వంటింటి కిటికీ, రెండు పచ్చడిబండలు

ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న మనిషి ఒకడు కిటికీ బాగు చేయబోయి, ఇల్లు ఖాళీ చేసేదాకా తెచ్చుకున్న వైనం చెప్పబోతున్నాను. ఆ మనిషిని నేనే. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి, చివరిదాకా ఆగనక్కర్లేదు.

ఎనభైల మొదట్లో మేము క్లీవ్‌లాండ్‌లో ఒక పాతకాలపు ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాం. పై వాటాలో ఇంటావిడ మిసెస్ నోవాక్ ఒక్కతే ఉండేది. మంచి మనిషే. కానీ మా ఆవిడ సుగుణ ఎండుమిరపకాయలు వేయించినప్పుడల్లా ఆ ఘాటు మెట్లెక్కి ఆవిడ గదిలోకి పోయేది. ఒకరోజు దగ్గుకుంటూ కిందికి దిగివచ్చింది.

"వంటింటి కిటికీ తెరిచి వండుకోండి."

"అది నిలవదండీ. తాళ్ళు తెగిపోయాయి, ఎత్తితే పడిపోతోంది."

"తాళ్ళు నేను కొనిస్తాను. మీరు ఇంజనీరునని చెప్పారుగా? ఆదివారానికల్లా బాగు చేయండి. లేకపోతే వచ్చే నెల వేరే ఇల్లు చూసుకోవాలి."

ఇంజనీరునని నేను ఆవిడకు చాలాసార్లే చెప్పాను, నిజమే. సుగుణకు అప్పుడు ఏడో నెల. ఆ స్థితిలో పెట్టేబేడా సర్దుకుని ఎక్కడికి పోతాం?

ఆ కిటికీకి మన కిటికీల్లా రెక్కలుండవు. అద్దాల చట్రం కిందినుంచి పైకి జారుతుంది. దానికి రెండు పక్కలా తాళ్ళు. అవి పైనున్న బుల్లి గిలకల మీదుగా గోడలోకి పోతాయి. పోయి అక్కడ ఏం చేస్తాయో నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సినదంతా కాలేజీలోనే అయిపోయిందన్న ధీమా.

చట్రం ఊడదీశాను. పక్కచెక్క అడుగున చిన్న మూత కనిపించింది. విప్పితే లోపల ఒక ఇనుప కడ్డీ. మూరెడు పొడవు, మణికట్టంత లావు. తల దగ్గర కంత, కంతలో కుళ్ళిన తాడు ముక్క. రెండో పక్క చూస్తే అక్కడా అలాంటిదే. పాఠకులారా, మీకు అర్థమైపోయింది కదూ? నాకు కాలేదు.

"ఏమిటండీ అవి?" అంది సుగుణ.

"ఇల్లు కట్టినవాళ్ళు మరిచిపోయిన ఇనుము. ఈ దేశంలో ఇంతే, మిగిలినవన్నీ గోడలో పడేసి పోతారు."

సుగుణ ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"పచ్చడిబండ!"

ఆ ఆనందానికి కారణం ఉంది. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ ఇక్కడి కరెంటుకు కునికిపాట్లు పడేది. పుట్టింటివాళ్ళిచ్చిన బుల్లి రోలు సూట్‌కేసులో వచ్చింది గాని, బరువెక్కువైందని దాని బండను ఎయిర్‌పోర్టులో నేనే తీయించాను. అప్పటినుంచీ ఆ మాట రోజూ వింటున్నాను. అందుకని ఇప్పుడు నేనేదో హిమాలయాల నుంచి సంజీవని మోసుకొచ్చినట్టు పొంగిపోయాను. సుగుణ రెండింటినీ చింతపండు పెట్టి తళతళా తోమింది. ఒకటి తను ఉంచుకుని, రెండోది మా స్నేహితుడు ప్రభాకరం భార్య రాజ్యలక్ష్మికి బొట్టు పెట్టి మరీ ఇచ్చింది.

ఇక తాళ్ళు. లంగాకు బొందు ఎక్కించినట్టు తాడు కొసకు పిన్నీసు గుచ్చి, గిలక మీదుగా గోడలోకి జారవిడిచి, కింద మూతలోంచి లాగి, లోపల ఒక మేకు కొట్టి దానికి కట్టేశాను. చట్రం బిగించి కిటికీ ఎత్తాను. వదిలాను. ధబేలుమని పడింది.

ఎందుకు పడింది? కొత్త తాడు, కొత్త ముడి. గిలకకు నూనె కూడా వేశాను. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ పడింది. ప్రభాకరానికి ఫోన్ చేశాను.

వాడు వచ్చి, గడ్డం నిమురుకుంటూ, "తాడు లూజుగా ఉందిరా. పొట్టి చెయ్" అన్నాడు.

పొట్టి చేశాను. కిటికీ సగం పైకి లేచి ఆగింది. ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

"ఇప్పుడు ముయ్యి," అన్నాడు.

మూయబోతే మూసుకోదు. ఇద్దరం వేలాడినా దిగదు. ఇంతలో వాన మొదలై, జల్లు తిన్నగా పొయ్యి మీదికే కొట్టింది.

"పొడుగు చెయ్, పొడుగు చెయ్!" అని అరిచాడు.

పొడుగు చేస్తే పడుతుంది, పొట్టి చేస్తే మూసుకోదు. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. నన్ను కరవలేదు గాని, రెండు రోజులు బుసలు కొట్టింది. రాత్రి కలలో కూడా తాళ్ళే. నేను తల పట్టుకుని కిటికీ ముందు కూర్చుంటే, నా వెనక సుగుణ ధన్ ధన్ మని వెల్లుల్లికారం దంచుతుండేది. సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రోట్లో బండను పెట్టుకుని నేను గోడంతా వెతికాను.

ఆదివారం పొద్దున్నే మిసెస్ నోవాక్ దిగివచ్చింది. కిటికీ ఎత్తింది. అది పడింది. మూత విప్పి లోపలికి తొంగిచూసింది.

"వెయిట్లేవి?"

"ఏ వెయిట్లండీ?"

"ఇనుపవి. తాడుకు ఒక కొసన కిటికీ, రెండో కొసన అవి వేలాడాలి. అవి కిందికి లాగితేనే కదా ఇది పైన నిలిచేది!"

నా వెనక ధన్ ధన్ చప్పుడు టక్కున ఆగిపోయింది. ఆవిడ తిరిగి చూసింది. సుగుణ బండను కొంగు చాటున దాచబోయింది. మూరెడు ఇనుము కొంగులో ఎక్కడ దాగుతుంది? పైగా దాని కొసకు వెల్లుల్లి రెబ్బ అంటుకుని ఉంది.

"ఇదొకటి. రెండోది?" అంది మిసెస్ నోవాక్.

"మా ఫ్రెండ్ వాళ్ళ వంటింట్లో ఉందండీ."

"సాయంత్రం మళ్ళీ వస్తాను. అదే ఆఖరు," అని ఆవిడ వెళ్ళిపోయింది.

ప్రభాకరం ఇంటికి పరుగెత్తాను. రాజ్యలక్ష్మి గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"అన్నయ్యగారూ, బొట్టు పెట్టి ఇచ్చింది వెనక్కి అడుగుతారా ఎవరైనా?"

"అది బండ కాదమ్మా, కిటికీ!"

"కిటికీయా? నిన్ననే దాంతో కందిపొడి కొట్టాను!"

"అది లేకపోతే మా ఇల్లు పోతుందమ్మా. ఏడో నెల..."

ఆ మాటకు ఆవిడ మెత్తబడింది. లోపలికి వెళ్ళి బండ తెచ్చి నా చేతిలో పెట్టి, "సుగుణ మొహం చూసి ఇస్తున్నాను, మీ మొహం చూసి కాదు," అంది.

సాయంత్రానికి బండలు రెండూ గోడలో వేలాడాయి. మిసెస్ నోవాక్ ఒక్క వేలితో కిటికీ ఎత్తింది. ఎక్కడ వదిలితే అక్కడ బుద్ధిగా నిలిచింది. ఆవిడ నవ్వి, "ఇక మీరు నిశ్చింతగా ఉండొచ్చు," అంది. సుగుణ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, నాది వెల్లుల్లికారం ఘాటని చెప్పాను.

మర్నాడు పొద్దున్న సుగుణ ఎంతో సంబరంగా కిటికీ బార్లా తెరిచి, మూకుడు నిండా ఎండుమిరపకాయలు వేయించింది. ఘాటు ఒక్క రవ్వ కూడా ఇంట్లో మిగల్లేదు. అంతా బయటికి పోయి, నిటారుగా పైకి లేచింది. మా వంటింటి కిటికీకి సరిగ్గా పైన ఉన్నది ఆవిడ పడకగది కిటికీ అని అప్పుడు తెలిసింది.

మిసెస్ నోవాక్ నైట్‌గౌన్‌లో, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డ మనిషి ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

"మూయండి! ఆ కిటికీ మూయండి! మెట్ల మీదుగా వచ్చిందే నయం. ఎన్నేళ్ళుంటారో ఉండండి, దాన్ని మాత్రం ఎప్పుడూ తెరవకండి!"

మూశాను. ఆవిడ తుమ్ముకుంటూ మెట్లెక్కింది.

"ఏమండీ, ఇక అది తెరిచే పని లేదన్నమాటేగా?" అంది సుగుణ.

"లేదు."

"మరి మూసి ఉండే కిటికీకి బరువులెందుకండీ?"

సూర్యుడి సాక్షిగా, చంద్రుడి సాక్షిగా, ఈ జన్మలో మళ్ళీ ఏ కిటికీ జోలికీ పోనని స్క్రూడ్రైవరు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. చేసి, ఆ స్క్రూడ్రైవరుతోనే మూత విప్పాను.