వెంకన్న తాగిన కరెంట్

మొన్న ఎల్బీ నగర్‌లో మా మనవడి పాత కారు స్టార్ట్ కాలేదు. డాష్‌బోర్డు మీది కెమెరా రాత్రంతా కరెంట్ తాగిందని మెకానిక్ అన్నాడు. ఆ మాటకు, బ్యాటరీ పుల్లటి వాసనకు నా చిన్నతనం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నాకు ఏడేళ్లప్పుడు మా నాయన దిల్‌సుఖ్‌నగర్‌లో టాక్సీ నడిపేవాడు. ఉన్నట్టుండి రోజూ పొద్దున బండి మొరాయించడం మొదలుపెట్టింది. బండి కదలకపోతే మా పొయ్యి వెలగదు. నాయన దిష్టి తీశాడు, నిమ్మకాయలు కట్టాడు, డాష్‌బోర్డు మీది చిన్న వెంకన్న విగ్రహం ముందు చెంపలేసుకున్నాడు. బండి కదల్లేదు.

చివరికి మెకానిక్ యాదగిరి మామ వచ్చాడు. చార్జి చేసిన బ్యాటరీ పెట్టి, దాని తీగకు మధ్యలో ఒక బల్బు కలిపాడు. బండి ఆపి ఉన్నా బల్బు వెలిగింది.

"ఎవరో నీ కరెంట్ తాగుతుండ్రు, బావా."

ఒక్కో తీగ ఊడదీస్తూ పోయాడు. వెంకన్న వెనక, పూలదండ చాటునున్న ఎర్రబల్బు తీగ తీయగానే మామ కలిపిన బల్బు ఆరిపోయింది.

"గీ సామే తాగుతుండు! నువ్వేమో గీయనకే మొక్కుతున్నవ్."

"రోజూ నేను బంద్ చేసే వస్త గదా! మల్ల ఎవరేసిన్రు?" అన్నాడు నాయన.

"నేనే ఏసిన" అన్నాను. "సామికి చీకట్ల భయం కాదా?"

నాయన చెయ్యెత్తాడు, వెంకన్న వైపు చూసి దించేశాడు.

ఆ రోజు నుంచి రాత్రి టాక్సీ ఆపగానే వెంకన్నను రుమాలులో చుట్టి ఇంట్లోకి తెచ్చి, నా పక్కనే పడుకోబెట్టేవాడు.

చీకటి భయం ఎవరిదో నాయనకు తెలుసు.